క్లౌడ్ కంప్యూటింగ్: పాత పెద్ద కంప్యూటరుతో దాని చుట్టరికం

‘సర్వర్ పనిచేయడం లేదు’ అన్న మాట ఈనాడు గంజాం జిల్లా సరిహద్దు గ్రామాలలో తెలుగువారికీ ఒడియావారికీ ఒకే విధంగా అర్థమవుతున్నది. రేషను దుకాణంలో వేలిముద్ర పడకపోయినా, బ్యాంకులో పింఛను సొమ్ము చేతికి రాకపోయినా, జనసేవా కేంద్రంలో పట్టా నకలు అచ్చు కాకపోయినా వినవచ్చే సమాధానం ఇదే. ఆ సర్వర్ ఎక్కడ ఉన్నదని అడిగేవారు తక్కువ. అడిగినా బల్ల వెనుక కూర్చున్న కుర్రవాడు చెప్పలేడు. అతని ముందున్నది కిటికీ వంటి తెర. లెక్క ఉన్న చోటు భువనేశ్వర్ కావచ్చు, హైదరాబాదు కావచ్చు, ముంబయి కావచ్చు.

ఈ ఏర్పాటుకు నేడు వాడుకలో ఉన్న పేరు క్లౌడ్ కంప్యూటింగ్. తెలుగులో కొందరు మేఘ గణనమని కూడ వ్రాస్తున్నారు. పూర్వం టెలిఫోను, కంప్యూటరు ఇంజనీర్లు తమ పటాలలో, లోపలి వివరం చూపనక్కరలేని దూరపు వ్యవస్థకు గుర్తుగా ఒక మబ్బు బొమ్మ గీసేవారు. పేరు అక్కడి నుండి వచ్చినది. ఆకాశంతో దీనికి సంబంధమేమీ లేదు. నేల మీద, చల్లబరచిన పెద్ద గదులలో, బీరువాల వంటి చట్రాలలో వరుసగా పేర్చిన వేలాది కంప్యూటర్లే ఈ మేఘం.

ఇది సరికొత్త విద్య అని వ్యాపార ప్రకటనలు చెబుతాయి. కంప్యూటరు చరిత్ర కొంత తెలిసినవారు మాత్రం అరవై ఏండ్ల నాటి పద్ధతియే వేషం మార్చి వచ్చినదంటారు. రెండు మాటలలోను కొంత నిజమున్నది. ఏది పాత, ఏది కొత్త అన్నది విడదీసి చూస్తే, మన కాగితాలలో వేటిని ఇంట దాచుకోవాలో, వేటి విషయంలో దూరపు యంత్రాన్ని నమ్మవచ్చో కూడ తెలుస్తుంది. సరిహద్దు కుటుంబాలకు ఇది కాలక్షేపపు ప్రశ్న కాదు. భూమి ఒక రాష్ట్రంలో, రేషను కార్డు మరొక రాష్ట్రంలో, సంపాదించే కొడుకు సూరత్ మరమగ్గాల దగ్గర ఉన్న ఇళ్లు ఇక్కడ అనేకం.

దస్త్రం ఉన్న చోటు

కంప్యూటరు రాకముందు ఊరి లెక్క కరణం ఇంట ఉండేది. దాని సారం తాలూకా కచేరీకి, అక్కడి నుండి ఛత్రపురం కలెక్టరు కచేరీకి చేరేది. కరణం చేతిలోని దస్త్రం దగ్గరలో ఉండడం ఒక సౌకర్యం. అది ఒకే ప్రతి కావడం, ఒకే మనిషి చేతిలో ఉండడం రెండు ప్రమాదాలు. చెదలు పట్టినా పోయేది, కరణానికి కోపం వచ్చినా పోయేది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు గంజాం జిల్లాలో అధిక భాగం అటు చేరినది. ఇచ్ఛాపురం, సోంపేట వంటి దక్షిణ ప్రాంతాలు మద్రాసు రాష్ట్రంలోనే నిలిచినవి. గట్టు ఇవతల చేను ఒక ప్రభుత్వపు లెక్కలోను, అవతల చేను మరొక ప్రభుత్వపు లెక్కలోను పడినవి. ‘మన లెక్క ఎవరి దగ్గర ఉన్నది?’ అన్న ప్రశ్న ఈ ప్రాంతానికి కంప్యూటరుతో వచ్చినది కాదు.

పెద్ద కంప్యూటరు కాలం

మన దేశానికి తొలి కంప్యూటరు 1955-56లో కలకత్తాలోని భారత గణాంక సంస్థకు వచ్చినది. ఆనాటి యంత్రం ఒక గదినంతా ఆక్రమించేది. 1960లలో ఐబీఎం కంపెనీ యంత్రాలు కొన్ని పెద్ద సంస్థలలో చేరినవి. పని చేయించుకోదలచినవాడు రంధ్రాలు చేసిన అట్టముక్కల కట్టను తెచ్చి ఇచ్చి, తన వంతు వచ్చేదాకా వేచి, ఫలితపు కాగితాన్ని తరువాత తీసుకొనిపోయేవాడు. పిండిమర దగ్గర సంచి దించి వచ్చినట్లే.

ఈ వేచియుండడం పోగొట్టడానికి అమెరికాలో 1960ల ఆరంభంలో ఒక ఉపాయం కనిపెట్టారు. దానికి కాలభాగస్వామ్యమని పేరు. పంక్తి భోజనంలో వడ్డించేవాడు ఒక్కడే. కాని అతడు వేగంగా తిరుగుతూ ఒక్కొక్క ఆకులో కొంచెం కొంచెం వేస్తూ పోతే, ప్రతివానికీ తనకోసమే వడ్డిస్తున్నట్లుంటుంది. అదే విధంగా ఒక పెద్ద కంప్యూటరు తన సమయాన్ని సెకనులో అతి చిన్న భాగాలుగా పంచి, తీగలతో కలిపిన అనేక తెరల ముందు కూర్చున్నవారందరికీ సేవ చేసేది. ఆ తెరలకు సొంత బుద్ధి లేదు. మీటలు నొక్కిన అక్షరాన్ని పంపడం, వచ్చిన అక్షరాన్ని చూపడం, అంతే. జాన్ మెకార్తీ అనే శాస్త్రవేత్త 1961లోనే, కంప్యూటరు శక్తి ఏదో ఒకనాడు టెలిఫోను వలె ప్రజలందరికీ అందే సేవగా మారవచ్చునని చెప్పాడు. వాడినంత వరకే సొమ్ము కట్టే నేటి క్లౌడ్ పద్ధతికి బీజం అక్కడ ఉన్నది.

మరొక బీజం కూడ ఆ కాలానిదే. ఐబీఎం 1972లో తన పెద్ద యంత్రాలకు, ఒకే కంప్యూటరును లోపల పలు కంప్యూటర్లుగా విభజించే ఏర్పాటును విడుదల చేసినది. ఒక పెద్ద ఇంటిని వాటాలు చేసి అద్దెకిచ్చినట్లు. ఒక వాటాలోని వారికి పక్క వాటాలో ఎవరున్నారో తెలియనక్కరలేదు, ఒక వాటాలో పొయ్యి ఆరితే పక్క వాటా వంట ఆగదు. నేటి క్లౌడ్ సంస్థలు అద్దెకిచ్చేవి ఈ వాటాలనే. పద్ధతి యాభై ఏండ్ల నాటిది. ఈ సంగతి ప్రకటనలలో కనబడదు.

ఆ నాలుగు నగరాలు

మన ప్రాంతానికి సంబంధించిన ఒక విశేషం ఇక్కడ చెప్పుకోవాలి. కేంద్ర ప్రభుత్వపు జాతీయ సమాచార విజ్ఞాన కేంద్రం, అనగా ఎన్ఐసీ, 1976లో ఏర్పడినది. 1980ల చివరి భాగంలో అది నిక్‌నెట్ అనే ఉపగ్రహ వలయాన్ని నిర్మించినది. పెద్ద కంప్యూటర్లను నాలుగు చోట్ల నిలిపినది. అవి ఢిల్లీ, పుణే, హైదరాబాదు, భువనేశ్వర్. వాటి కింద రాష్ట్ర రాజధానులలో మధ్యతరహా యంత్రాలు, వాటి కింద జిల్లా కేంద్రాలలో చిన్న కంప్యూటరు, మేడ మీద ఒక గొడుగు వంటి ఉపగ్రహ సాధనం. జిల్లా అంకెలు ఆ గొడుగు గుండా పైకి పోయేవి. కరణం నుండి కలెక్టరుకు దస్త్రం నడచిన మెట్లే ఇవి, ఎద్దుబండి స్థానంలో ఉపగ్రహం వచ్చినదన్నమాట.

ఇప్పుడు ముప్పై ఏండ్లు ముందుకు రండి. 2014 ఫిబ్రవరిలో ఎన్ఐసీ ప్రభుత్వ శాఖల కోసం జాతీయ క్లౌడ్‌ను ప్రారంభించినది. ఈ ప్రయత్నానికి పెట్టిన పేరు మేఘరాజ్. ఆ క్లౌడ్‌ను మోసే పెద్ద డేటా కేంద్రాలు మొదట ఢిల్లీ, పుణే, హైదరాబాదులలో వెలసినవి. నాలుగవది 2018 మేలో భువనేశ్వర్‌లో ప్రారంభమైనది. అవే నాలుగు నగరాలు! పాత కేంద్రీకృత కంప్యూటరుకూ కొత్త మేఘానికీ గల చుట్టరికం చూపడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ వెదకనక్కరలేదు. బరంపురం నుండి రైలులో మూడు గంటలు పోతే ఒక ‘మేఘం’ తలుపు దగ్గర దిగవచ్చు.

రైలు టిక్కెట్టు

సామాన్యునికి తొలిసారి ఈ విద్యను చూపినది రైలు టిక్కెట్ల కిటికీ. 1985-86లో ఢిల్లీలో కంప్యూటరు రిజర్వేషను ఆరంభమైనది. దాని కార్యక్రమాన్ని సీఎంసీ అనే ప్రభుత్వ సంస్థ తయారుచేసినది. తరువాత ముంబయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాదు కేంద్రాలు వచ్చినవి. ప్రతి కేంద్రానికీ సొంత పెద్ద యంత్రం, దాని చుట్టూ తీగలతో కలిసిన కిటికీలు. లోటు ఏమిటంటే, ఒక కేంద్రపు యంత్రానికి మరొక కేంద్రపు బోగీల సంగతి తెలియదు. పోవడానికి టిక్కెట్టు ఇక్కడ దొరికినా, తిరుగు టిక్కెట్టు ఆ ఊరు చేరిన తరువాతనే అన్న బాధ ఆనాటి ప్రయాణికులందరికీ తెలుసు. ఐదు కేంద్రాలను ఒకదానితో ఒకటి మాట్లాడించే కొత్త కార్యక్రమం 1994లో మొదట సికింద్రాబాదులోనే అమలైనది. 1999 ఏప్రిల్ నాటికి ఐదూ కలిసినవి. 2002లో ఇంటర్నెట్ టిక్కెట్టు వచ్చినది. అప్పటికి ‘క్లౌడ్’ అన్న పేరు ఎవరి నోటా లేదు. పని మాత్రం అదే: లెక్క ఒక చోట, తెర వేయి చోట్ల.

నడుమ వచ్చిన చిన్న కంప్యూటరు

1981 తరువాత బల్ల మీది కంప్యూటరు వ్యాపించడంతో గాలి మరొక వైపు తిరిగినది. ప్రతి కార్యాలయమూ తన లెక్కను తానే ఉంచుకోనారంభించినది. 1998లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రెండు వందలకు పైగా సబ్ రిజిస్ట్రారు కార్యాలయాలను ‘కార్డ్’ అన్న పథకం కింద కంప్యూటరీకరించినప్పుడు, ఏ కార్యాలయపు యంత్రం ఆ కార్యాలయంలోనే ఉండేది. కరణం ఇల్లు మళ్లీ వచ్చినట్లే. దగ్గర సౌకర్యం, ఒకే ప్రతి ప్రమాదం రెండూ వెంట వచ్చినవి.

బ్యాంకుల సంగతీ అంతే. బ్యాంకులలో కంప్యూటర్లు ఎట్లా ప్రవేశపెట్టాలో 1984లో సూచించినది రంగరాజన్ కమిటీ. (ఈ సి. రంగరాజన్ గారే తరువాత ఆంధ్రప్రదేశ్ గవర్నరు, 1998-99లో ఒరిస్సా గవర్నరు బాధ్యతలు కూడ నిర్వహించారు. సరిహద్దుకు రెండు వైపులా ఒకే గవర్నరు ఉన్న అరుదైన కాలమది.) ఆ తొలి దశలో కంప్యూటరు శాఖలోనే ఉండేది. ఖాతా కూడ శాఖలోనే ఉండేది. బరంపురం శాఖలోని సొమ్మును ఇచ్ఛాపురంలో తీయాలంటే డ్రాఫ్టు వ్రాయించుకోవలసినదే. నడుమ దూరం ఇరవై అయిదు కిలోమీటర్లు.

2000ల దశాబ్దంలో ‘కోర్ బ్యాంకింగ్’ వచ్చినది. శాఖలలోని ఖాతాలన్నీ ఒక కేంద్ర యంత్రానికి చేరినవి. శాఖ మరల కిటికీ అయినది. సూరత్‌లో కొడుకు కట్టిన సొమ్ము చికిటిలో తల్లి ఖాతాలో ఆనాడే కనబడడం దీనివల్లనే. మన ప్రాంతంలో ఈ మార్పు ఎంత అవసరమైనదో బ్యాంకుల పేర్లు మారిన తీరు చూస్తే తెలుస్తుంది. బరంపురం కేంద్రంగా ఉండిన ఋషికుల్య గ్రామ్య బ్యాంకు 2012లో ఉత్కళ్ గ్రామీణ బ్యాంకులో కలిసినది. అదియు 2025 మే 1 నుండి ఒడిశా గ్రామీణ బ్యాంకులో లీనమైనది. 1923లో మచిలీపట్నంలో పుట్టిన ఆంధ్రా బ్యాంకు గంజాం జిల్లాకు చిరకాలం లీడ్ బ్యాంకు. అది 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయినది. పన్నెండేండ్లలో రెండుసార్లు బ్యాంకు పేరు మారినా గ్రామీణ ఖాతాదారుని నిలువ తుడిచిపెట్టుకొనిపోలేదు. కాగితపు లెడ్జర్ల కాలంలో ఇన్ని విలీనాలు ఇంత సులభంగా జరిగేవని నేను అనుకోను.

అయితే కొత్త ఏమిటి?

ఇంతవరకు చూచినది కేంద్రీకరణ కథ. పెద్ద యంత్రం, బుద్ధిలేని తెర, నడుమ తీగ. క్లౌడ్ ఇందులో తెచ్చిన మార్పులు మూడు.

మొదటిది, పెద్ద యంత్రం స్థానంలో చిన్న యంత్రాల మంద. పాత కాలంలో ఆ ఒక్క యంత్రం ఆగితే సమస్తం ఆగేది. ఇప్పుడు మందలో ఒకటి చెడిపోతే దాని పనిని పక్కది అందుకొంటుంది. ముఖ్యమైన లెక్కకు ఒకే నగరంలో కాక దూరపు మరొక నగరంలో కూడ ప్రతి ఉంచడం సాధ్యమైనది. కరణం దస్త్రానికి గాని, నాటి పెద్ద కంప్యూటరుకు గాని ఈ భాగ్యం తేలికగా పట్టలేదు.

రెండవది, అవసరాన్ని బట్టి పెరిగి తరిగే గుణం. మెట్రిక్ ఫలితాలు విడుదలైన నాడు ఒడిశాలో లక్షలాది ఇళ్లవారు ఒకే గంటలో ఒకే పేజీ మీద పడతారు. మిగిలిన రోజులలో ఆ పేజీ వైపు చూచేవారు అరుదు. పాత పద్ధతిలో ఆ ఒక్క గంట కోసం పెద్ద యంత్రం కొని ఏడాదంతా ఊరక ఉంచాలి, లేదా ఆ గంటలో అది కూలబడడాన్ని భరించాలి. పెండ్లికి సామానులు అద్దెకు తెచ్చుకొన్నట్లు, ఆ ఒక్క పూటకు వంద యంత్రాలు తీసుకొని సాయంత్రానికి తిరిగి ఇచ్చివేయడం క్లౌడ్ పద్ధతి. అమెజాన్ కంపెనీ 2006లో మొదట నిల్వ చోటును, తరువాత కంప్యూటరు శక్తిని ఇట్లా అద్దెకివ్వడంతోనే ఈ వ్యాపారం లోకానికి తెలిసినది. ఆ కంపెనీ 2022లో హైదరాబాదులో కూడ తన డేటా కేంద్రాలను తెరచినది.

మూడవది నాకు అంత ఇష్టమైనది కాదు. పాత పెద్ద కంప్యూటరు ఎవరిదో అందరికీ తెలిసేది: రైల్వేది, బ్యాంకుది, ప్రభుత్వానిది. క్లౌడ్‌లో సేవ చేసేది ఒకరు, యంత్రం వేరొకరిది. యంత్రపు యజమాని నియమం మార్చితే మనం మారవలసినదే. ఫోనులో తీసిన ఫొటోలను పరిమితి లేకుండా ఉచితంగా దాచిన గూగుల్ సంస్థ 2021 జూన్ 1 నుండి ఆ సౌకర్యాన్ని ఆపి, ఒక ఖాతాకు అన్నీ కలిపి 15 జీబీ వరకే ఉచితమన్నది. పెండ్లి ఫొటోలన్నీ అక్కడే ఉన్నవారు అద్దె కట్టడమో, ఏరివేయడమో చేయవలసి వచ్చినది.

తుపాను నాడు

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినది. గాలి వేగం గంటకు సుమారు 200 కిలోమీటర్లు. బరంపురంతో సహా జిల్లాలో విద్యుత్తు స్తంభాలు, టవర్లు నేలకూలినవి. అనేక గ్రామాలలో రోజుల తరబడి చీకటియే. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి, శ్రీకాకుళం ఉద్దానాన్నీ ఇటు గంజాం, గజపతి జిల్లాలనూ కలిపి కొట్టినది. ఈ రెండు సందర్భాలు క్లౌడ్ బలాన్నీ బలహీనతనూ ఒకేసారి చూపుతాయి.

దూరపు నగరంలో ఉన్న బ్యాంకు ఖాతాను తుపాను తాకలేదు. ఇంటి పెట్టెలోని పాస్‌బుక్కు తడిసిపోయినా లెక్క చెడలేదు. కాని కరెంటు లేక, టవరు లేక, ఆ లెక్కను చేరే దారి మూసుకొన్నది. దుకాణంలో బియ్యం కొనడానికి, డీజిలుకు, మందులకు నోట్లే దిక్కయినవి. 1970లలో తీగ తెగితే బుద్ధిలేని తెర నల్లబడేది. నేడు టవరు కూలితే తెలివైన ఫోను కూడ డబ్బు విషయంలో అంతే బుద్ధిలేనిదవుతుంది. పెద్ద కంప్యూటరు కాలపు ఈ బలహీనతను క్లౌడ్ పోగొట్టలేదు.

తీగ సరిగా ఉండి నడిమి యంత్రానికే జబ్బు చేసిన సందర్భమూ ఉన్నది. 2024 జులై చివర, చిన్న బ్యాంకులకు సాంకేతిక సేవలందించే సీ-ఎడ్జ్ అనే సంస్థ వ్యవస్థ మీద, సొమ్ము చెల్లిస్తేనే తాళం తీస్తామనే దుండగుల దాడి జరిగినది. రోగం వ్యాపించకుండా జాతీయ చెల్లింపుల సంస్థ ఆ వ్యవస్థను తాత్కాలికంగా వెలివేసినది. దేశంలో సుమారు మూడు వందల చిన్న బ్యాంకుల, ముఖ్యంగా సహకార, గ్రామీణ బ్యాంకుల ఖాతాదారులకు యూపీఐ వంటి చెల్లింపులు మరునాటి వరకు ఆగినవి. మూడు వందల బ్యాంకులు మూడు వందల వేర్వేరు యంత్రాలు పెట్టుకొని ఉంటే ఒక్క దెబ్బకు అన్నీ పడేవి కావు. అయితే అంత చిన్న బ్యాంకు ఒక్కొక్కటీ తన యంత్రాన్ని తానే కాపాడుకోగలదా అన్నది ఎదురు ప్రశ్న. నా అభిప్రాయంలో కాపాడుకోలేదు.

మేఘానికి సరిహద్దు ఉన్నది

క్లౌడ్ వచ్చినది గనుక రెండు రాష్ట్రాల లెక్కలూ కలిసిపోయినవని కొందరు భావిస్తున్నారు. అది పొరపాటు. ఒడిశా భూముల వివరం భూలేఖ్‌లో, ఒడియా లిపిలో ఉన్నది. ఆంధ్రప్రదేశ్ భూముల వివరం 2015లో వచ్చిన మీభూమిలో, తెలుగులో ఉన్నది. పాత్రపురం వైపు రెండెకరాలు, ఇచ్ఛాపురం వైపు ఎకరం ఉన్న కుటుంబం రెండు చోట్ల వేర్వేరుగా చూసుకోవాలి. పేరు రెండు లిపులలో రెండు విధాలుగా పడి ఉంటే యంత్రం దానిని ఒక మనిషిగా గుర్తించదు. తెలుగు ఇంటిపేరు ఒడియాలో ఎట్లా వ్రాశారో చదివి చూసుకోవడం పిల్లలకు అప్పగించదగిన పని. బడిలో ఒడియా చదివిన బిడ్డ, ఇంట తెలుగు చదివే తాత పక్కపక్కన కూర్చుంటే అరగంటలో తేలుతుంది. ఆధార్‌లోని పేరును కూడ వెంట పెట్టుకొని సరిచూడాలి.

రేషను విషయంలో మాత్రం సరిహద్దు కొంత కరిగినది. ఒకే దేశం ఒకే రేషను కార్డు పథకంలో ఆంధ్రప్రదేశ్, గుజరాత్‌లు 2020 జనవరి నాటికే ఉండగా, ఒడిశా 2020 జూన్ 1 నుండి చేరినది. జాతీయ ఆహార భద్రతా చట్టం కిందనున్న కార్డు అయితే సూరత్‌లో ఉన్న మనిషి తన వాటా అక్కడ, ఇంటివారు తమ వాటా ఇక్కడ తీసుకోవచ్చు. రాష్ట్రం సొంతంగా ఇచ్చే కార్డులకు ఇది వర్తించదు. తమది ఏ రకపు కార్డో చూసుకొని బయలుదేరడం మంచిది. వేలిముద్ర సరిచూసే లెక్క దేశమంతటికీ ఒకే చోట ఉండడంవల్లనే ఇది సాధ్యమైనది. అది ఆగిన నాడు దేశమంతటా ఆగుతుందన్నది దాని రెండవ ముఖం.

ఇక ఇంట ఉంచుకోవలసినవి. భూలేఖ్ లేదా మీభూమి తెరపై కనబడే ప్రతి తెలుసుకోవడానికి సరిపోతుంది. న్యాయస్థానానికో, రుణానికో అధికారి ధ్రువీకరించిన నకలు గాని డిజిటల్ సంతకం ఉన్న ప్రతి గాని కావాలి. అట్టి నకలు ఒకటి తీయించి, పాత దస్తావేజులతోపాటు నీరు చొరని సంచిలో ఉంచాలి. డిజీలాకర్‌లో సంబంధిత కార్యాలయం నుండి నేరుగా చేరిన పత్రాలకు 2017 నుండి అసలు పత్రంతో సమానమైన విలువ ఉన్నది. మనం ఫోనుతో ఫొటో తీసి అందులో ఎక్కించిన పత్రానికి ఆ విలువ లేదు. ఈ తేడా తెలియక కళాశాల ప్రవేశాల నాడు ఇబ్బంది పడే పిల్లలు ఉన్నారు. పాస్‌బుక్కులో మూడు నెలలకొకసారి పద్దులు వేయించుకోవడం, అక్టోబరు తుపానుల కాలంలో వారం రోజులకు సరిపడు నోట్లు ఇంట ఉంచుకోవడం ఈ తీరంలో ఇంకను అవసరమే.

2025 అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖపట్నంలో ఐదేండ్లలో 1500 కోట్ల డాలర్ల పెట్టుబడితో పెద్ద డేటా కేంద్రాన్ని నిర్మించనున్నట్లు ప్రకటించినది. సముద్రగర్భ తీగలు కూడ అక్కడ ఒడ్డుకు చేరనున్నవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటినది ఆ విశాఖ దగ్గరే.